కాందెలారియా తమాలెస్: ఈసారి గిన్నెలు వేరు, ధర ఎక్కువ

గ్వాదలహారాలో ఉంటున్న మా తెలుగు ఖాతాదారులందరికీ నమస్కారం.

ఫిబ్రవరి 2, కాందెలారియా పండుగ దగ్గరపడింది. ఆ రోజు తినేది తమాలెస్, అంటే మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించినవి. జనవరి 6న ఆఫీసులో రోస్కా అనే పండుగ రొట్టె కోసినప్పుడు లోపల దాచిన బొమ్మ ఎవరి ముక్కలో వచ్చిందో, తమాలెస్ పెట్టాల్సిన వాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. ఆర్డర్లు రాసుకునే ముందు ఒక విషయం దాచకుండా చెప్పాలి.

పోయినేడు వరకు మేము శాకాహారం అని ఇచ్చిన రాహాస్ (కాల్చిన మిరప ముక్కలు, జున్ను) తమాలెస్ పిండిలో పంది కొవ్వు లేదు. అంతవరకు నిజం. కానీ అవి ఉడికింది పంది మాంసం తమాలెస్ ఉడికిన వపోరేరాలోనే, అంటే ఆవిరి గిన్నెలోనే. పండుగ రద్దీలో రెండు రకాలూ ఒకే గిన్నెలో, ఒక వరస మీద ఇంకో వరసగా నిలబెట్టాం. ఆవిరి మూతకు తగిలి నీరై కిందికి కారుతుంది. పై వరసలోంచి కరిగిన కొవ్వు కూడా ఆ నీళ్లతో పాటే కారుతుంది. అలా ఉడికినదాన్ని శాకాహారం అనకూడదు. అడిగినవాళ్లకు చెప్పాం, అడగనివాళ్లకు చెప్పలేదు. అందరికీ ముందే చెప్పాల్సింది. నమ్మి తిన్నవాళ్లందరూ మమ్మల్ని క్షమించాలి.

ఈ ఏడాది నుంచి శాకాహార తమాలెస్‌కు గిన్నె వేరు, లోపలి చిల్లుల పళ్లెం వేరు, పిండి గిలక్కొట్టే గిన్నె వేరు, మూత కింద పరిచే గుడ్డ కూడా వేరు. అవి ఫిబ్రవరి 1న ఉదయమే, వంటింట్లోకి మాంసం రాకముందే ఉడికి పక్కకు వెళ్లిపోతాయి. ఒక్కోదాన్ని ఆకు పీలికతో ముడివేస్తాం. ముడి ఉంటే శాకాహారం, లేకపోతే కాదు. పెట్టెలు కూడా కలపం. గుడ్డు మా తమాలెస్‌లో దేనిలోనూ లేదు. ఇంత చేసేసరికి ఖర్చు పెరిగింది. మాంసంవి డజను 330 పెసోలు, శాకాహారంవి 360. మాంసం లేనిదానికి ఎక్కువ ధరేమిటని అడుగుతారు. దానికి సమాధానం పిండిలో ఉంది, కింద చెబుతాను.

ముందు ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్ల కోసం పండుగ సంగతి. క్రిస్మస్ నుంచి నలభై రోజులు లెక్కపెడితే ఫిబ్రవరి 2 వస్తుంది. యూదుల ఆచారం ప్రకారం మరియ పురిటి మైల తీరి, బిడ్డను యెరూషలేము దేవాలయానికి తీసుకువెళ్లిన రోజు అది. అక్కడ సుమెయోను అనే వృద్ధుడు బిడ్డను ఎత్తుకుని, లోకానికి వెలుగు అన్నాడు. అందుకే ఆ రోజు చర్చిలో కొవ్వొత్తులను ఆశీర్వదిస్తారు. కాందెలా అంటే కొవ్వొత్తి, పండుగ పేరు దాన్నుంచే వచ్చింది. మెక్సికో ఇళ్లలో డిసెంబరు 24 రాత్రి పశువుల పాక బొమ్మల కొలువులో పడుకోబెట్టిన బాలయేసు బొమ్మను ఫిబ్రవరి 2న లేపుతారు. కొత్త బట్టలు తొడిగి, చిన్న కుర్చీలో కూర్చోబెట్టి గుడికి తీసుకువెళతారు. జనవరి చివర్లో మెక్సికో సిటీలోని తలవేరా వీధికి వెళితే దుకాణాల నిండా ఈ బొమ్మల బట్టలే. సొచిమిల్కోలో నిన్యోపా అనే బాలయేసు విగ్రహాన్ని ఏడాది పాటు ఇంట్లో పెట్టుకుని సేవ చేసే బాధ్యత ఒక కుటుంబం నుంచి ఇంకో కుటుంబానికి మారేది కూడా ఈ రోజునే. మన హలీస్కోలో అయితే సాన్ హువాన్ దె లోస్ లాగోస్ ఊరి మరియ తల్లి పండుగ. రోజుల తరబడి నడిచి వచ్చే యాత్రికులను దారుల వెంట మీరు చూసే ఉంటారు.

రోస్కాలో దాచిన బొమ్మ కూడా ఆ బాలయేసే. అది ఎవరికి దొరికితే వాళ్లు ఆ బిడ్డకు జ్ఞానపిత లేదా జ్ఞానమాత అయినట్టు లెక్క. బిడ్డను గుడికి తీసుకువెళ్లే రోజున పదిమందికి భోజనం పెట్టే బాధ్యత వాళ్లదే. ఆ భోజనమే తమాలెస్. అది జరిమానా కాదు, దక్కిన బంధుత్వం. ఆఫీసులో మీ ముక్కలో బొమ్మ వస్తే దయచేసి తప్పించుకోకండి, ఇక్కడివాళ్లు అది గుర్తుపెట్టుకుంటారు. ఇంకో మాట: ఫిబ్రవరి 2 చట్టప్రకారం సెలవు కాదు. సెలవు ఇచ్చేది రాజ్యాంగ దినానికి, ఫిబ్రవరి మొదటి సోమవారం. కాబట్టి చాలా ఏళ్లలో కాందెలారియా పనిరోజే, తమాలెస్ తినేది ఆఫీసు క్యాంటీన్‌లోనే.

తమాలెసే ఎందుకంటే దీని వెనక క్రైస్తవం కంటే పాత కథ ఉంది. పదహారో శతాబ్దంలో ఇక్కడి ఆచారాలు రాసిపెట్టిన బెర్నార్దినో దె సాగూన్ అనే సన్యాసి, మెషీకా (ఆజ్టెక్) ప్రజల సంవత్సరంలో మొదటి నెల ఫిబ్రవరి 2న మొదలయ్యేదని లెక్కకట్టాడు. ఆ నెల పూజలు వాన దేవుడు త్లాలోక్‌కు. తమాలెస్ అప్పటికే పండుగ తిండి. ఆయన రాసినవాటిలో మనసుకు హత్తుకునేది ఇంకోటి ఉంది. ఎనిమిదేళ్లకోసారి ఒక పండుగలో ఉప్పు, మిరప, సున్నం ఏవీ లేకుండా వట్టి నీళ్లతో చేసిన తమాలెస్ తినేవారట. ఏళ్ల తరబడి మిరపతో, ఉప్పుతో, సున్నంతో మొక్కజొన్నను బాధపెడుతున్నాం, కాసేపు దానికి విశ్రాంతి ఇవ్వాలని.

శాకాహార తమాల్ మన కోసం కొత్తగా పుట్టించింది కాదని చెప్పడానికే ఇదంతా రాశాను. పంది ఈ నేలకు స్పెయిన్‌వాళ్లతో వచ్చింది. వాళ్లు రాకముందు ఏ తమాల్‌లోనూ పంది కొవ్వు లేదు. అప్పటి తమాల్ గట్టిగా, బరువుగా ఉండేది. ఇప్పుడు మనకు అలవాటైన గుల్లతనం కొవ్వును గిలక్కొట్టడం వల్ల వచ్చింది. చిక్కంతా అక్కడే. పంది కొవ్వు తీసేస్తే పోయేది రుచి ఒక్కటే కాదు, గాలిని పట్టి ఉంచేది కూడా పోతుంది.

దాని బదులు ఏం వేస్తే ఏమవుతుందో వివరంగా చెబుతాను, ఇంట్లో చేసుకునేవాళ్లకు పనికొస్తుంది. నూనె గాలిని పట్టుకోదు. ఎంత గిలక్కొట్టినా తమాల్ ఇటుకలా దిగబడుతుంది, నూనె ఆకుల్లోకి ఊరుతుంది. కొబ్బరి నూనె చల్లని గదిలో గడ్డకట్టి ఉంటుంది కాబట్టి గాలి పడుతుంది. కానీ తమాల్ చల్లారాక అది మళ్లీ బిగుసుకుని ముక్క పొడిపొడిగా విరుగుతుంది. వెన్న వాసన బాగుంటుంది, అయితే అందులో ఆరోవంతు దాకా నీళ్లే, పైగా త్వరగా కరుగుతుంది. ఎండుద్రాక్ష వేసే తీపి తమాల్‌కు అది సరిపోతుంది, కారం తమాల్‌కు ఒక్కటే వాడితే మెత్తబడుతుంది. నెయ్యి వేయమని చాలామంది అడిగారు. పూస కట్టిన నెయ్యిని చల్లగా గిలక్కొడితే పిండి బాగానే పొంగుతుంది. కానీ నెయ్యి వాసన మొక్కజొన్న వాసనను పూర్తిగా కప్పేస్తుంది. తినడానికి బాగానే ఉంటుంది, తమాల్ తిన్నట్టు మాత్రం ఉండదు.

చివరికి మేము వాడుతున్నది మాంతేకా వెహెతాల్, అంటే గడ్డగా ఉండే వనస్పతి లాంటిది. కిలో తడి పిండికి అది 200 గ్రాములు, వెన్న 80 గ్రాములు. పాలు మానేసినవాళ్ల కోసం వెన్న తీసేసి మొత్తం 280 గ్రాములూ అదే వేస్తాం. దానికి సొంత రుచి లేదు కాబట్టి రుచంతా నీళ్లలోంచి తేవాలి. గింజలు ఒలిచిన మొక్కజొన్న కండెలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎపసోతే అనే ఘాటు వాసన ఆకు వేసి గంటసేపు మరిగించి వడకట్టిన నీళ్లు వాడతాం. మాంసం ఉడికించిన నీళ్లయితే ఎలాగూ పక్కన తయారవుతాయి, ఇవి ప్రత్యేకంగా కాయాలి. మిక్సర్ కూడా దాదాపు రెట్టింపు సేపు తిరగాలి. ఎక్కువైన 30 పెసోలు వీటికే.

చేసే పద్ధతి ఇది. కొవ్వు గట్టిగా కాకుండా, కరగకుండా, వేలు నొక్కితే దిగేలా ఉండాలి. దాన్ని ఒక్కదాన్నే పది నిమిషాలు, తెల్లబడి నురగలా అయ్యేదాకా గిలక్కొట్టండి. 18 గ్రాముల ఉప్పు, 10 గ్రాముల బేకింగ్ పౌడర్ కలపండి. తర్వాత కిలో పిండిని నాలుగైదు విడతలుగా వేస్తూ, మధ్యమధ్య 350 నుంచి 450 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తూ ఇంకో పది పన్నెండు నిమిషాలు తిప్పండి. నీళ్లు గోరువెచ్చగా మాత్రమే ఉండాలి. వేడివి పోస్తే పట్టిన గాలి మొత్తం ఒక్క నిమిషంలో పోతుంది. పిండి గారెల పిండి కంటే పలుచగా, ఇడ్లీ పిండి కంటే గట్టిగా రావాలి. సరిపోయిందో లేదో చూడటం మన వాళ్లకు నేర్పక్కర్లేదు. గారెల పిండిని నీళ్లలో వేసి చూసినట్టే, శనగగింజంత ముద్ద చన్నీళ్లలో వేయండి. తేలితే అయినట్టే. మునిగితే కారణం రెండింట్లో ఒకటి. పిండి మెరుస్తూ జారుతుంటే కొవ్వు కరిగింది, గిన్నెను ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ తిప్పండి. ముద్ద గట్టిగా ఉంటే నీళ్లు చాలలేదు, రెండు చెంచాలు పోసి తిప్పండి. బేకింగ్ పౌడర్ పెంచితే తేలుతుందేమో కానీ తమాల్‌కు సబ్బు రుచి వస్తుంది.

పిండి కొనేటప్పుడు ఒక్క మాట మరచిపోవద్దు. మొలీనోలో, అంటే పిండి మరలో, తమాల్ పిండి రెండు రకాలుగా అమ్ముతారు. ప్రెపరాదా అంటే పంది కొవ్వు, ఉప్పు ముందే కలిపినది. మీకు కావలసింది "మాసా పారా తమాల్, సిన్ ప్రెపరార్", అంటే ఏమీ కలపని తమాల్ పిండి. ఈ తేడా తెలియక, ఇంట్లో శ్రద్ధగా చేసుకుని కూడా పంది కొవ్వు తిన్నవాళ్లున్నారు. మొలీనో దూరమైతే మాసా హరీనా (సున్నంలో ఉడికించిన మొక్కజొన్న పొడి పిండి) 500 గ్రాములకు 600 మిల్లీలీటర్ల వెచ్చని నీళ్లు పోసి అరగంట నాననిస్తే కిలో పైచిలుకు పిండి అవుతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న మొక్కజొన్న పిండి, రవ్వ దీనికి పనికిరావు. సున్నంలో ఉడికించని గింజ పిండి ముద్ద కట్టదు, ఆకులోంచి ఇసుకలా రాలుతుంది.

ఆ సున్నం తాంబూలంలో మనం రాసుకునే సున్నమే. కిలో ఎండు తెల్ల మొక్కజొన్నకు 3 లీటర్ల నీళ్లు, 10 గ్రాముల వంట సున్నం. సన్నని సెగ మీద అరగంట నుంచి నలభై నిమిషాలు, గింజ పైపొర గోటితో లాగితే ఊడివచ్చేదాకా ఉడికించి, రాత్రంతా అదే నీళ్లలో వదిలి, పొద్దున కడిగి బరకగా రుబ్బించాలి. సున్నం పైపొరను కరిగిస్తుంది, పిండికి జిగురునిస్తుంది, గింజలో బిగిసి ఉన్న నియాసిన్ విటమిన్‌ను మన ఒంటికి అందేలా విడదీస్తుంది. యూరప్‌వాళ్లు మొక్కజొన్నను తీసుకువెళ్లారు కానీ ఈ సున్నం పద్ధతిని తీసుకువెళ్లలేదు. అదే ముఖ్యాహారమైన ఇటలీ, స్పెయిన్ పల్లెల్లో పెల్లాగ్రా జబ్బు అలా వచ్చింది.

పోయినేడు ఇంకో తప్పు జరిగింది. కొందరికి ఇచ్చిన తమాలెస్ మధ్యలో పచ్చిగా ఉన్నాయి. అరవై పట్టే గిన్నెలో తొంభై కుక్కడమే కారణం. ఇరుకైతే ఆవిరి మధ్యకు పోదు, అంచున ఉన్నవి ఉడికి నడుమవి ముద్దగా మిగులుతాయి. దానికి తోడు గ్వాదలహారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. సముద్రతీరం లెక్కలో గంట అని రాసిన వంటకం ఇక్కడ ఇంకా ఎక్కువసేపు ఉడకాలి. అందుకే ఈసారి మొత్తం ఆర్డర్లు తగ్గించుకున్నాం. నిండిపోయాయని చెబితే నొచ్చుకోకండి.

ఇంట్లో చుట్టేవాళ్లకు: ఎండు మొక్కజొన్న ఆకులను వేడి నీళ్లలో నలభై నిమిషాలు నానబెట్టి తుడవండి. నున్నటి వైపు పిండి రాయాలి, గరుకు వైపు రాస్తే ఊడిరాదు. ఒక్కోదానికి పిండి 65 గ్రాములు, అర సెంటీమీటరు మందం, సన్నని కొన దగ్గర నాలుగు వేళ్ల జాగా వదలండి. లోపలి కూర 25 గ్రాములకు మించకూడదు, చల్లగా, గట్టిగా ఉండాలి. కూర పలుచనైతే తమాల్ పగులుతుంది. రాహాస్ కోసం ఆరు పొబ్లానో మిరపకాయలు మంట మీద నల్లగా కాల్చి, మూతపెట్టి పావుగంట మగ్గనిచ్చి పొట్టు తీయండి. కుళాయి కింద కడిగితే కాల్చిన వాసన నీళ్లలో పోతుంది. ఒక ఉల్లిపాయ వేయించి, 300 గ్రాముల పనేలా జున్ను పొడుగు ముక్కలు కోసి కలిపితే రెండు డజన్లకు వస్తుంది. ఉల్లి వద్దనుకుంటే మానేయవచ్చు, రుచికి పెద్ద లోటు రాదు. వెరాక్రూస్, వహాకా పద్ధతిలో అరటాకు వాడేవాళ్లు, మనం ఇంట్లో చేసినట్టే సెగకు చూపి వాడ్చుకోండి, లేకపోతే మడతలో చిరుగుతుంది.

గిన్నెలో నీళ్లు చిల్లుల పళ్లానికి రెండు వేళ్లు కింద ఉండాలి. నీళ్లలో ఒక నాణెం వేయండి. అది గలగలలాడుతున్నంత సేపు నీళ్లున్నట్టు, చప్పుడు ఆగితే అయిపోయినట్టు. అప్పుడు అంచు వెంట మరిగే నీళ్లు పోయాలి. చన్నీళ్లు పోస్తే ఆవిరి ఆగి పిండి కూలబడుతుంది. పళ్లెం మీద ఆకులు పరిచి తమాలెస్‌ను తెరిచిన కొన పైకి ఉండేలా నిలబెట్టండి. పైన ఆకులు, మందపాటి గుడ్డ కప్పి మూత పెట్టండి. ఎనభై నుంచి తొంభై నిమిషాల తర్వాత ఒకటి తీసి పది నిమిషాలు ఆరనిచ్చి విప్పి చూడండి. దించగానే విప్పితే ఉడికినది కూడా ఆకుకు అంటుకుని పచ్చిగా అనిపిస్తుంది, కంగారుపడి ఇంకో అరగంట ఉడికించి పాడుచేస్తారు. సాగూన్ రాసిన నమ్మకం ఒకటి ఇక్కడి పెద్దవాళ్లకు చెబితే సంతోషిస్తారు. గిన్నెకు అంటుకున్న తమాల్ తింటే మగవాడి బాణం గురి తప్పుతుందని, ఆడమనిషికి కానుపు కష్టమవుతుందని అప్పట్లో అనేవారట. అడుగున ఆకులు పరవడం మరచిపోకపోతే అంటుకునే అవసరమే రాదు.

బయట ఎక్కడ తిన్నా "సిన్ కార్నే" అన్న మాటను నమ్మకండి. దానికి మాంసం ముక్కలు లేవని మాత్రమే అర్థం. కొవ్వును, కోడి ఉడికించిన నీళ్లను ఇక్కడ చాలామంది మాంసం కింద లెక్కపెట్టరు. అబద్ధం చెప్పాలని కాదు, వాళ్ల మాటకు అర్థమే అది. సూటిగా అడగండి: "లా మాసా యేవా మాంతేకా దె ప్వెర్కో?" (పిండిలో పంది కొవ్వు ఉందా?) గులాబీ రంగు తీపి తమాల్‌ను చూసి ఇది వెజ్జే కదా అనుకుంటారు, ఎక్కువ చోట్ల అందులోనూ పంది కొవ్వే. రుబ్బి వేయించిన చిక్కుడు గింజల ముద్దలో, మోలే అనే చిక్కటి మిరప పులుసులో కూడా అడిగి చూసుకోండి. మా జున్ను గురించి కూడా చెప్పాలి. మేము కొనే పనేలా డబ్బా మీద క్వాహో (పాలను గడ్డకట్టించే పదార్థం) అని మాత్రమే రాసి ఉంటుంది, అది జంతువుల నుంచి తీసినదా కాదా అన్నది అందులో లేదు. అది పట్టింపు ఉన్నవాళ్లు రాహాస్ బదులు చిక్కుడు గింజలు, ఎపసోతే ఆకు వేసినవి తీసుకోండి. ఆ గింజలు మేమే నూనెలో వేయిస్తాం.

ఆఫీసుకు ఎన్ని కావాలంటే మనిషికి రెండు, తినేవాళ్లయితే మూడు. పదిహేనుమందికి మూడు డజన్లు తీసుకోండి. సగం పచ్చ సాల్సా పంది మాంసంవి, పావు వంతు ఎర్రవి, మిగిలినవి ముడివేసినవి అయితే ఎవరికీ లోటు రాదు. మీకు పక్కన పెట్టుకున్న ముడి తమాలెస్‌ను అక్కడ ఒకే పళ్లెంలో మాంసంవాటితో కలిపి వేడిచేయకుండా చూసుకోండి, లేకపోతే మేము గిన్నెలు వేరు చేసినందుకు ఫలితం ఉండదు. తోడుగా అతోలే అనే చిక్కటి వేడి పానీయం లీటరు 90 పెసోలు, పాలు, పిండి, బెల్లం లాంటి పిలోన్‌సియో, దాల్చినచెక్క తప్ప ఇంకేమీ వేయం. నిలవ ఉంటే చిక్కబడుతుంది, కాసిని పాలు పోసి కలుపుతూ వేడిచేయండి.

ఆర్డర్లు జనవరి 29 సాయంత్రం 6 వరకు, సగం డబ్బు ముందు. ఇంటికి తెచ్చి ఇవ్వడం ఆ రెండు రోజులూ లేదు. శాకాహారం ఫిబ్రవరి 1 మధ్యాహ్నం 12 నుంచి, మాంసంవి 2న ఉదయం 7 నుంచి ఇస్తాం. 1న తీసుకున్నవి చల్లారగానే ఆకు విప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు గంటలకు మించి బయట వదలొద్దు. నాలుగు రోజులు నిలవ ఉంటాయి, ఫ్రీజర్‌లో అయితే రెండు నెలలు. మర్నాడు వేడిచేయడానికి ఆవిరి మీద పావుగంట, ఫ్రీజర్‌లోంచి నేరుగా అయితే అరగంట. ఇడ్లీ పాత్ర చక్కగా సరిపోతుంది. మైక్రోవేవ్ తప్పనిసరైతే ఆకు తీయకుండా తడి కాగితం చుట్టి ఒక్కొక్కటిగా నిమిషంన్నర. అన్నిటికంటే బాగుండేది పెనం మీద, ఆకుతోనే, సన్నని సెగన తిప్పుతూ పది నిమిషాలు. ఆకు అక్కడక్కడ మాడి, లోపల అంచులు కరకరలాడతాయి.